పక్షవాతము – సూదుల వైద్యము

మాతో చిరకాలము పనిచేసిన వాయులీన విద్వాంసులొకరు ఒకనాటి ఉదయము స్నానము ముగించి తువాలు అందుకొనబోగా కుడిచేయి లేవలేదు. పిలువబోగా మాట ముద్దగా వచ్చినది. ఇంటివారు ఆయనను పడకపై కూర్చుండబెట్టి, వాతము కమ్మినదని తలచి, నూనె కాచి చేతికి రాయుటకు పూనుకొన్నారు. సాయంత్రమునకు సర్దుకొనునేమోనని కొంతసేపు, తెలిసిన పెద్దలకు కబురంపుటకు కొంతసేపు గడచినవి. ఆసుపత్రికి చేరునప్పటికి మధ్యాహ్నము ఒంటిగంట దాటినది. ప్రాణమునకు భయము తప్పినది. కాని ముప్పది సంవత్సరములు కమాను పట్టిన చేయి కమాను పట్టుట మానినది.

రెండు మాసముల తరువాత మేము చూడబోయినపుడు ఆయన మాటలు కూడగట్టుకొని మమ్ము ఒక ప్రశ్న అడిగినారు. "ఏమండీ, మీరు నాలుగు పుస్తకాలు చదివినవారు కదా. తలలో సూదులు గుచ్చితే చెయ్యి తిరిగి వస్తుందని మా బావమరిది అంటున్నాడు. చీనావాళ్ళ వైద్యమట. నమ్మమంటారా?" ఔననుటకు గాని, కాదనుటకు గాని మాకు నోరు రాలేదు. తెలిసికొని చెప్పెదమని లేచి వచ్చినాము. అట్లు తెలిసికొన్న సంగతులే ఈ ప్రసంగము. మేము వైద్యులము కాము, చరిత్ర చదివినవారము. కాన ఈ వైద్యము ఎక్కడ పుట్టినది, ఎట్లు పెరిగినది, దాని మాట ఎంతవరకు నిలిచినది అను విషయములనే శ్రోతల ముందు ఉంచగలము.

మొదట వ్యాధి పేరును గూర్చి ఒక మాట. మన ప్రాచీనులు దీనిని పక్షాఘాతమనినారు, పక్షవధమనినారు. పక్షమనగా ఒక ప్రక్క, ఆఘాతమనగా దెబ్బ. చరక సుశ్రుత సంహితలు రెండును దీనిని ప్రకోపించిన వాతము వలన కలుగు వ్యాధిగా చెప్పినవి. గ్రీకులు దీనికి పెట్టిన పేరు అపోప్లెక్సియా. కొట్టి పడవేయుట అని దాని అర్థము. ఇంగ్లీషువారి స్ట్రోక్ అను మాటకు కూడ దెబ్బ అనియే అర్థము. చీనావారు జోంగ్‌ఫెంగ్ అనినారు. గాలి తగులుట అని భావము. నాలుగు జాతులవారు నాలుగు దిక్కుల నుండి చూచి కూడ ఇంచుమించు ఒకే ఉపమానమునకు వచ్చినారు: కనబడని చేయి యేదో మనిషిని ఒక ప్రక్క కొట్టినది. అంతకు మునుపు క్షణము వరకు నడచిన వానిని కూలవేయు వ్యాధిని చూచినవారికి వేరొక మాట తోచకపోవుట సహజమే.

ఆ దెబ్బ తగులునది చేతికి కాదు, కాలికి కాదు, మెదడునకు అని తెలియుటకు చాలకాలము పట్టినది. స్విట్జర్లాండు దేశములోని షాఫ్‌హౌజెన్ నగరమున యోహాన్ యాకోబ్ వెప్ఫర్ అను వైద్యుడు ఈ వ్యాధితో చనిపోయిన వారి తలలను కోసి పరీక్షించి, 1658లో ఒక గ్రంథము ప్రకటించినాడు. మెదడులో రక్తనాళము చిట్లి రక్తము చిందుట వలనను, నాళము పూడి రక్తము అందకపోవుట వలనను ఈ దెబ్బ తగులునని అందు చూపినాడు. నేటికిని ఈ వ్యాధికి ముఖ్యమైన విభాగములు ఆ రెండే. కుడి మెదడు ఎడమ ప్రక్కను, ఎడమ మెదడు కుడి ప్రక్కను నడపును. చాలమందికి మాట కూడ ఎడమ మెదడులోనిదే. మా మిత్రునకు కుడిచేయితో పాటు మాట కూడ తడబడుటకు కారణమిదే.

ఇక చీనాకు వత్తము. ఆ దేశపు వైద్యమునకు మూలగ్రంథమైన హువాంగ్ డి నైజింగ్, అనగా పీతచక్రవర్తి అంతర్వైద్య గ్రంథము, సుమారు క్రీస్తునకు పూర్వము రెండు మొదటి శతాబ్దములలో కూర్చబడినదని పండితులు తలంచుచున్నారు. అందు ఒక ప్రక్క శరీరము ఎండిపోవుటను గూర్చిన ప్రస్తావన ఉన్నది. తొమ్మిది రకముల సూదుల వర్ణనయు ఉన్నది. భూగర్భము కూడ దీనికి కొంత సాక్ష్యమిచ్చినది. 1968లో హెబే రాష్ట్రమున మాన్‌చెంగ్ అనుచోట, క్రీ.పూ. 113లో మరణించిన లియూ షెంగ్ అను రాజకుమారుని సమాధిని త్రవ్వగా నాలుగు బంగారు సూదులు, ఐదు వెండి సూదులు బయటపడినవి. అయితే 1973లో చాంగ్‌షా వద్ద మావాంగ్‌డుయ్ సమాధిలో దొరకిన పట్టుపై వ్రాతలు ఇంకను పాతవి. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. వానిలో శరీరమందలి పదునొకండు నాళముల వర్ణన ఉన్నది, మాచిపత్రి జాతి మూలికను కాల్చి వేడి తగిలించు పద్ధతి ఉన్నది. సూది మాట మాత్రము లేదు. దీనిని బట్టి సూదుల వైద్యము అనాదియని చెప్పు మాట అంత సరి కాదనియు, నాళముల ఊహ ముందు పుట్టి సూది తరువాత వచ్చియుండుననియు చరిత్రకారులు ఊహించుచున్నారు.

ఈ చరిత్రలో మా మనస్సును హెచ్చుగా ఆకర్షించిన వ్యక్తి హువాంగ్‌ఫు మి. ఆయన క్రీ.శ. 215లో పుట్టి 282లో గతించిన పండితుడు. నడివయస్సున ఆయనకు వాతరోగము తగిలి, చెవులు కూడ వినబడక, నూరు దినములు బాధపడినట్లు తానే చెప్పుకొన్నాడు. అది 256–260 సంవత్సరముల నాటి మాట. అప్పటినుండి వైద్యగ్రంథములను పట్టి చదివి, సూదుల వైద్యమును గూర్చి తనకు పూర్వమున్న మూడు గ్రంథములను పోల్చి, విషయములను వరుసకు తెచ్చి, జెన్ జ్యూ జియా యి జింగ్ అను పండ్రెండు సంపుటముల గ్రంథము వ్రాసినాడు. శరీరముపై 349 స్థానములను అందు పేర్కొన్నాడు. తరువాతి వారందరకు అదియే ఆధారము.

చక్రవర్తి ఆయనను కొలువునకు రమ్మని పిలిపించగా, తన శరీరము సగము స్పర్శ లేక యున్నదనియు, కుడికాలు సన్నగిలినదనియు, ఇట్లు పందొమ్మిదేండ్లు గడచినవనియు విన్నవించుకొని రాకపోయినాడు. ఉద్యోగమునకు బదులు చదువుకొనుటకు పుస్తకములు ఎరవడుగగా చక్రవర్తి ఒక బండి నిండ పుస్తకములు పంపినాడట. ఆయన వ్యాధి నేటి వైద్యులు చెప్పు పక్షవాతమే యగునో కాదో నిర్ణయించుట కష్టము. ఆ కాలపు ధనికులు సేవించుచుండిన ఖనిజ చూర్ణము ఒకటి తన శరీరమును చెరచినదని ఆయనే వాపోయినాడు. కాని ఒక్క విషయము గమనింపదగినది. సూదుల వైద్యమునకు మూలపురుషులలో ఒకడైన ఈ మహనీయుడు, ఆ వైద్యము తెలిసియు పందొమ్మిదేండ్ల తరువాత కూడ సగము శరీరముతోనే ఉన్నాడు. ఆ సంగతిని దాచలేదు. దానిని చక్రవర్తికే వ్రాసి పంపినాడు. ఈ నిజాయితీ ఆ తరువాత ఆ వైద్యమును గూర్చి ప్రచారము చేసిన వారందరియందు కనబడదు.

గాలియే కారణమను సిద్ధాంతము కూడ చీనాలో స్థిరముగా నిలువలేదు. మూడవ శతాబ్ది ప్రారంభమున జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడు వ్యాధి తీవ్రతను నాలుగు మెట్లుగా విభజించినాడు: చర్మము తిమ్మిరెక్కుట, అవయవములు బరువెక్కుట, మనుష్యులను గుర్తింపలేకపోవుట, మాట పడిపోయి చొంగ కారుట. పండ్రెండవ శతాబ్ది మొదలు పదునాలుగవ శతాబ్ది వరకు జీవించిన వైద్యులలో లియూ వాన్‌సు లోపలి తాపమే కారణమనినాడు. లీ డోంగ్‌యువాన్ ప్రాణశక్తి లోపించుట యనినాడు. జూ డాన్‌షీ కఫము పేరుకొనుట యనినాడు. గాలి బయటినుండి వచ్చునది కాదు, వ్యాధి లోపలిదే అని వీరి భావము.

పందొమ్మిదవ శతాబ్దిలో వాంగ్ చింగ్‌రెన్ అను సాహసి మరియొక అడుగు ముందుకు వేసినాడు. 1797లో ఒక అంటువ్యాధికి బలియై సరిగా పూడ్చబడక పడియున్న పిల్లల శవములను చూచి, గ్రంథములలోని దేహపటములు తప్పులని గ్రహించినాడు. 1830లో తన పుస్తకమును ప్రకటించి, జ్ఞాపకశక్తి హృదయమున కాక మెదడులో ఉండునని వాదించినాడు. సగము శరీరము చచ్చుపడుటకు శక్తి తగ్గి రక్తము నిలిచిపోవుటయే కారణమని చెప్పి ఒక కషాయము నిర్ణయించినాడు. చీనా వైద్యులు దానిని నేటికిని పక్షవాతమునకు ఇచ్చుచున్నారు. మరుసటి సంవత్సరమే ఆయన గతించినాడు.

ఈ నడుమ సూదుల వైద్యము వైభవమును చూచినది, అవమానమును చూచినది. సోంగ్ వంశపు చక్రవర్తి రెన్‌జోంగ్ కాలమున, 1027లో, వాంగ్ వేయి అను వైద్యుని పర్యవేక్షణలో నిలువెత్తు కంచుబొమ్మలు రెండు పోతపోయబడినవి. వానిపై స్థానములన్నిటికిని రంధ్రములు ఉండెడివి. పరీక్ష నాడు బొమ్మకు పైన మైనము పూసి లోపల నీరు నింపెడివారు. విద్యార్థి సరియైన చోట గుచ్చినచో నీరు చిమ్మును. తప్పినచో సూది దిగదు. ఇంతకంటె నిష్పక్షపాతియైన పరీక్షకుడు ఏ విద్యాలయమున దొరకును? ఐరోపాకు ఈ విద్యను గూర్చిన వివరములను తెచ్చినవాడు డచ్చివారి ఈస్టిండియా కంపెనీ తరపున జపానులో పనిచేసిన విలెం టెన్ రైనె అను వైద్యుడు. ఆయన గ్రంథము 1683లో లండనులో అచ్చైనది. సూది, పొడుచుట అను రెండు లాటిను మాటలతో కూడిన ఆక్యుపంక్చర్ అను పేరు దానివలన వ్యాపించినది.

1822లో చీనా చక్రవర్తి దావ్‌గ్వాంగ్ రాజవైద్యశాలలో సూదుల శాఖను ఎత్తివేయించినాడు. చక్రవర్తి శరీరమును గుచ్చుట, కాల్చుట తగదని కారణము. 1929లో జాతీయ ప్రభుత్వపు ఆరోగ్య సమావేశమున ప్రాచీన వైద్యమునే నిషేధింపవలెనని తీర్మానము రాగా, దేశీయ వైద్యులు ఆ సంవత్సరము మార్చి 17వ తేదీన షాంఘైలో సమావేశమై ఎదిరించినారు. ఆ దినములలోనే చెంగ్ డానాన్ అను వైద్యుడు 1931లో ఒక గ్రంథము వ్రాసి, సూదులు గుచ్చు స్థానములను రక్తనాళములకు దూరముగా సవరించి, సన్నని తీగ సూదులను ప్రవేశపెట్టినాడు. నేడు మనము చూచు సన్నని సూది, చాలమంది తలంచునట్లు వేల యేండ్లనాటిది కాదు. అది మన తాతల కాలపు సంస్కరణ. 1949 తరువాత క్రొత్త ప్రభుత్వము, వైద్యులు చాలని విశాల దేశములో ప్రాచీన వైద్యమును ఆధునిక వైద్యముతో జతపరచ నిశ్చయించినది.

ఆ జతపాటు నుండి పుట్టినదే మా మిత్రుడు అడిగిన తలసూదుల పద్ధతి. వినువారికి ఇది ఆశ్చర్యము కలిగింపవచ్చును: పక్షవాతమునకు తలపై గీతల వెంబడి సూదులు గుచ్చు ఈ విధానము ప్రాచీనము కాదు. షాన్‌సీ రాష్ట్రములోని జిషాన్ అను జిల్లా ఆసుపత్రిలో పనిచేయుచుండిన జియావ్ షున్‌ఫా అను వైద్యుడు 1970–71 ప్రాంతమున దీనిని రూపొందించినాడు. ఆయన పాశ్చాత్య వైద్యము చదివినవాడు. 1870లో జర్మనీ దేశమున ఫ్రిట్ష్, హిట్సిగ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కుక్క మెదడుపై విద్యుత్తును తగిలించి, ఒక్కొక్క తావు ఒక్కొక్క అవయవమును కదలించునని చూపినారు. 1937లో కెనడాలో పెన్‌ఫీల్డ్, బోల్డ్రే అనువారు శస్త్రచికిత్సల సమయమున మానవ మెదడుపై అట్టి పటమునే గీసినారు. ఆ పటమును తలపై చర్మము మీదికి దించుటయే జియావ్ షున్‌ఫా ఊహ.

ఆయన కొలత ఇట్లుండును. కనుబొమ్మల నడుమ నుండి తల వెనుక ఎముక బొడిపె వరకు నడినెత్తి మీదుగా ఒక గీత ఊహించుకొని, దాని మధ్యబిందువునకు అర సెంటీమీటరు వెనుక ఒక గుర్తు పెట్టవలెను. కణత వద్ద వెంట్రుకల అంచున రెండవ గుర్తు. ఈ రెంటిని కలుపు గీత కదలిక మండలము. దానిని ఐదు పాళ్ళు చేసినచో పై పాలు కాలికి, నడుమ రెండు పాళ్ళు చేతికి, క్రింది రెండు పాళ్ళు ముఖమునకు, మాటకు. కుడిచేయి పడిపోయినచో ఎడమ తలపై గుచ్చవలెను. సూది చర్మము క్రింద ఏటవాలుగా పోవునే గాని పుర్రెను దాటదు. తరువాత దానిని నిమిషమునకు సుమారు రెండు వందల సార్లు వ్రేళ్ళతో త్రిప్పవలెను. త్రిప్పుచున్నంతసేపు రోగి పడిపోయిన అవయవమును కదలింప యత్నింపవలెను. తాను కదల్చలేనిచో ప్రక్కవారు కదలింపవలెను. ఈ చివరి మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

చరిత్ర విచిత్రము. అదే 1971లో అక్టోబరు మొదటి తేదీన లండను నగరపు వింబుల్డన్ ప్రాంతమున ఒక ఆసుపత్రిలో, హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రము మొదటిసారిగా బ్రతికియున్న రోగి తలను కోయకుండ లోపలి మెదడును చూపినది. నేడు మన పట్టణములలో సీటీ స్కాన్ అని పిలుచునది అదియే. ఒకరు తల బయట గీతలు గీయుచుండగా మరియొకరు తల లోపలికి కిటికీ తెరచినారు. వెప్ఫర్ చనిపోయిన వారిలో చూచిన భేదమును, అనగా చిట్లుటయా పూడుటయా అనుదానిని, బ్రతికియున్న వారిలో నిమిషములలో చూచుటకు అప్పటినుండియే వీలైనది.

జియావ్ పద్ధతి త్వరలో వ్యాపించినది. తియాన్‌జిన్ నగరమున షి శ్యూమిన్ అను వైద్యుడు 1972లో మెదడును మేల్కొలుపు పద్ధతి అను పేర తల కాక ముక్కు క్రింద, మణికట్టు పైన, చీలమండ పైన స్థానములతో వేరొక విధానము ఏర్పరచినాడు. జపానులో యమమోటో అను వైద్యుడు 1973లో తలపైనే మరియొక పటము ప్రకటించినాడు. ఒకే తలపై వేరువేరు పటములు ఏర్పడుటచే గందరగోళము కలుగగా, 1984లో టోక్యోలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతీయ సమావేశమున తలగీతలకు ఒక ప్రమాణ నామావళిని అంగీకరించినారు. పేర్లు ఒక్కటైనవి, కాని పటములు వేరైనను ఫలములు ఒక్కటే యని ఎవరికి వారు చెప్పుట ఆలోచింపవలసిన విషయమే. ఒక చోట గుచ్చినను మరియొక చోట గుచ్చినను మేలు కలుగునన్నచో, చోటుకు గల ప్రాముఖ్యమేమి?

పాశ్చాత్య దేశములలో కలిగిన సంచలనమునకు కారణము వేరు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్ పెకింగులో ఉండగా ఆయనకు అపెండిసైటిస్ ఆపరేషన్ చేసినారు. సూదులతోనే మత్తు కలిగించి కోసినారని కథ వ్యాపించినది. నిజమునకు ఆపరేషనుకు మామూలు మత్తుమందే ఇచ్చినారు. తరువాత కడుపు ఉబ్బరమునకు మాత్రము సూదులు వాడినారు. ఆయన తన వ్యాసమున ఆ సంగతి స్పష్టముగానే వ్రాసినాడు. మరుసటి సంవత్సరము అధ్యక్షుడు నిక్సన్ చీనా వెళ్ళుటతో అమెరికాలో ఈ వైద్యము ఇంటింటి మాట యైనది.

మన దేశమునకు ఇది వచ్చిన దారి ఇంతకంటె ఉదాత్తమైనది. 1938లో జపాను దాడికి గురియైన చీనాకు మన జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపినది: అటల్, చోల్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ. వారిలో కోట్నీస్ తిరిగి రాలేదు. 1942 డిసెంబరు 9న అక్కడనే అసువులు బాసినాడు. తిరిగి వచ్చిన బిజయ్ కుమార్ బసు 1950ల చివర మరల చీనా వెళ్ళి సూదుల వైద్యము నేర్చి, కలకత్తాలో దానిని ప్రారంభించినాడు. మన దేశమున దీనికి ఆద్యుడు ఆయనయే. 1996లో పశ్చిమ బెంగాలు ఈ వైద్యమునకు చట్టము చేసినది.

ఇక అసలు ప్రశ్న. చేయి వచ్చునా? దీనికి సమాధానము చెప్పుట ఏల కష్టమో ముందు గ్రహింపవలెను. పక్షవాతము వచ్చినవారిలో చాలమందికి ఏ వైద్యము చేసినను, చేయకున్నను, మొదటి మూడు మాసములలో కొంత కదలిక తనంతట తానే తిరిగి వచ్చును. మెదడు చుట్టును వాపు తగ్గును. చెడిన భాగము చేయు పనిని ప్రక్క భాగములు నేర్చుకొనును. ఆ మూడు మాసములలో నూనె రాసినవాడు నూనె గొప్పదనును. సూదులు వేయించుకొన్నవాడు సూదులు గొప్పవనును. మ్రొక్కు మ్రొక్కినవాడు దైవము చలవ యనును. ఎవరు అబద్ధమాడుట లేదు. పోల్చి చూచుటకు రెండవ శరీరము ఎవరికి లేదు, అంతియే.

ఆ రెండవ శరీరమును కల్పించుటకే రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి పరీక్షించు పద్ధతి వచ్చినది. స్వీడను దేశమున బార్బ్రో యోహాన్‌సన్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో 78 మంది రోగులపై అట్టి పరీక్ష జరిపి 1993లో ఫలితములు ప్రకటించినది. వ్యాధి వచ్చిన పది దినములలో ప్రారంభించి, వారమునకు రెండు మార్లు, పది వారములు సూదులు వేసినారు. సూదులు పొందినవారు నడకలోను, దైనందిన కృత్యములలోను మెరుగైనారు. లోకము సంతోషించినది. కాని ఆ పరీక్షలో ఒక లోపము ఉన్నది: రెండవ వర్గమునకు సూదులకు బదులుగా ఏమియు చేయలేదు. పది వారములు ఒకరు వచ్చి శ్రద్ధగా చేయి పట్టుకొనుటయే మేలు చేసెనేమో!

ఆమె అంతటితో ఆగలేదు. ఏడు ఆసుపత్రులలో 150 మంది రోగులను చేర్చుకొని, ఈసారి మూడు వర్గములు చేసినది. ఒకరికి సూదులు, ఒకరికి కండరములను కదలించు విద్యుత్ ప్రేరణ, ఒకరికి తెలిసీ తెలియనంత స్వల్ప విద్యుత్తు. అందరకు సమానముగా ఇరువది మార్లు చికిత్స. 2001లో వెలువడిన ఫలితము: మూడు వర్గముల నడుమ భేదము కనబడలేదు. తాను ముందు చెప్పిన మాటకు తానే ఎదురు సాక్ష్యము చెప్పి, దానిని లోకమునకు ప్రకటించిన ఆ విదుషి యందు మాకు గొప్ప గౌరవము కలిగినది. హువాంగ్‌ఫు మికి పదునేడు వందల సంవత్సరముల తరువాత అదే నిజాయితీ మరల కనబడినది.

చీనాలో జరిగిన పరీక్షలు అనేకము మేలు కలిగినట్లే చెప్పినవి. వైద్యపరీక్షలను ఏర్చి కూర్చి తూచు కోక్రేన్ సంస్థవారు 2016లో, దెబ్బ తగిలి కొంతకాలమైన రోగులపై జరిగిన 31 పరీక్షలను, వానిలోని 2257 మందిని లెక్కలోనికి తీసికొని సమీక్షించినారు. సూదుల వలన కదలికలోను, పరాధీనత తగ్గుటలోను కొంత మేలు ఉండవచ్చునని తోచుచున్నది గాని, పరీక్షలలో హెచ్చుభాగము నాసిరకముగా జరిగినందున దృఢముగా చెప్పుటకు వీలులేదని తీర్పు చెప్పినారు. న్యాయస్థాన భాషలో చెప్పవలెనన్నచో ఇది నేరస్థాపనయు కాదు, నిర్దోషి యను తీర్పును కాదు, సాక్ష్యము చాలదనుట.

ఇప్పుడు జియావ్ షున్‌ఫా చివరి మాటకు వత్తము. సూది త్రిప్పుచుండగా రోగి తన అవయవమును కదలింపవలెను అని ఆయన పట్టుపట్టినాడు. చేయించిన పనినే మెదడు నేర్చుకొనునని, పడిపోయిన చేయిని పనిలో పెట్టినకొలది క్రొత్త దారులు ఏర్పడునని, నేటి వ్యాయామ చికిత్సకులు చెప్పుచున్నారు. సూదులతో వచ్చిన మేలులో ఎంత పాలు సూదిది, ఎంత పాలు ఆ కదలింపుది యని విడదీయుట కష్టము. అయినను ఒక్క విషయము నిర్వివాదము: సూది ఉండి వ్యాయామము లేకపోయినచో ఫలితము ఆశింపరాదు, సూది లేక వ్యాయామము ఉన్నచో ఆశింపవచ్చును. కాన సూదుల కొరకు వ్యాయామమును మానువాడు నీడ కొరకు చెట్టును కొట్టుకొనినవాడగును.

వేయించుకొన దలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. శిక్షణ పొందిన వైద్యుని వద్దనే, ఒక్కసారి వాడి పారవేయు సూదులతోనే వేయించుకొనవలెను. రక్తము గడ్డకట్టకుండ మందులు తీసికొనువారు ఆ సంగతి ముందుగా చెప్పవలెను. ఆపరేషనులో పుర్రె ఎముక తీసివేయబడినవారు ఆ చోట సూది పడనీయరాదు. రక్తపోటునకు, మధుమేహమునకు వాడు మందులు ఎవరు చెప్పినను మానరాదు. మానినచో రెండవ దెబ్బకు దారి తీయును.

అన్నిటికంటె ముఖ్యమైనది మొదటి గడియల సంగతి. నాళము పూడుట వలన వచ్చిన పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందు ఉన్నదని 1995లో అమెరికాలో జరిగిన పరీక్ష నిరూపించినది. మూడు గంటలలోగా ఇవ్వవలెననినారు. 2008లో ఐరోపాలో జరిగిన పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటల వరకు పెంచినది. ముందు స్కాన్ తీసి, చిట్లినది కాదని తేల్చుకొని ఈ మందు ఇచ్చెదరు. మూతి వంకర పోవుట, చేయి లేవకపోవుట, మాట ముద్దగుట – ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను అది నూనె కాచు సమయము కాదు, సూదులు వెదకు సమయము కాదు. అట్టి చికిత్సలన్నిటికి తరువాత కావలసినంత కాలము ఉన్నది; ఆ నాలుగున్నర గంటలు మాత్రము మరల రావు.

మేము ఇదంతయు తెలిసికొని మిత్రుని ఇంటికి మరల పోయినాము. దాచకుండ చెప్పినాము. ఆయన ఆలోచించి, "పోయేదేముంది, వేయించుకుంటాను. వ్యాయామం మాత్రం మానను" అన్నారు. రెండు మాసములు సూదులు వేయించుకొన్నారు. వ్యాయామము నేటికిని చేయుచున్నారు. చేయి భుజము ఎత్తువరకు లేచుచున్నది. వ్రేళ్ళు కమానును పట్టుచున్నవి గాని గట్టిగా పట్టలేవు. ఒక తీగపై ఒక దీర్ఘస్వరము లాగగలరు. గమకమునకు చేయి ఒదగదు. శిష్యులకు నోటితో పాఠము చెప్పుచున్నారు. ఈ మేలు సూదులదా, వ్యాయామముదా, కాలముదా? ఆయనకు రెండవ శరీరము లేదు గనుక మేము చెప్పలేము, ఆయనయు చెప్పరు.

మొన్న పోయినపుడు ఆయన ఇంట రేడియో పెట్టె ఉన్న గోడమీద బొగ్గుతో పెద్దగా 108 అని వ్రాసియుండుట చూచినాము. ఎవరు వ్రాసినారని అడిగితిమి. "మా ఆవిడ. ఈ వీధిలో ఇంకెవరింట్లోనూ నూనె కాచకూడదంటుంది" అన్నారు.